నడిరోడ్డు మీద మా అత్తమ్మ

ఆ రోజుల్లో ఇస్నాపూర్‌లో కిరాయి గది అంటే నాలుగు గోడలు, ఒక కిటికీ, వెనకాల వంటకు ఇంత రేకుల వసారా, వరుసలో ఉన్న అందరికీ కలిపి ఒక్క నల్లా. కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్లకు అంతకన్నా ఏం కావాలి, ఉండేది ఇద్దరమే కదా అనుకునే వయసు నాది. ఇత్తడి బిందె, రెండు చీరల సంచులు, గుండె నిండా సినిమా పాటలు (బయటికి పాడే ధైర్యం మాత్రం లేదు) మోసుకుని మా ఆయన వెంట ఆ గదిలో కాలు పెట్టాను. పెట్టాక తెలిసింది, ఇద్దరం కాదని. గది నట్టనడుమ రెండు నూనె డ్రమ్ముల మీద పాత తలుపు ఒకటి అడ్డంగా పరిచి ఉంది. ఆ తలుపు మీద పొడుగ్గా ఒక నల్లటి రోడ్డు, రోడ్డు పక్కన గడ్డి, ఒక మైలురాయి, అటొకటి ఇటొకటి లారీలు. రోడ్డు అంచున వేలెడంత ముసలామె ఒకతె చేతిలో కర్ర పట్టుకుని, నువ్వెవరివే అన్నట్టు నా వంకే చూస్తూ నిలబడి ఉంది. ఆమె పక్కన అరచేతంత బర్రె.

"గామెను ముట్టుకోకు," అన్నాడు మా ఆయన. కొత్త పెళ్ళాంతో కొత్త కాపురంలో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. "ఎవరామె?" అన్నాను. "మా అవ్వ," అన్నాడు, అది రోజూ అందరి ఇళ్ళలో జరిగే సంగతే అయినట్టు.

నిజం అత్తమ్మ (పెళ్ళిలో నా నెత్తిన అక్షింతలు కొంచెం గట్టిగానే వేసిన మనిషి) ఊళ్ళో తన ఇంట్లో నిక్షేపంలా ఉంది. వాళ్ళ ఊరు సంగారెడ్డి దాటాక, బొంబాయి రోడ్డు మీదే. ఇల్లు రోడ్డుకు ఇటు, కందులు, జొన్నలు పండే చెలక అటు. మా ఆయన చిన్నప్పుడే మామ పోయాడు కాబట్టి పొద్దున బర్రెను తోలుకుని రోడ్డు దాటడం, పొద్దుగూకే వేళకు మళ్ళీ దాటి రావడం అంతా ఆమె ఒక్కతే. బడి నుంచి వచ్చిన మా ఆయన అరుగు మీద కూర్చుని, లారీల సందుల్లోంచి అవ్వ కొంగు కనబడుతుందా లేదా అని చూస్తూ ఉండేవాడట. కనబడేదాకా గుటక మింగేవాడు కాదట. పెద్దయ్యాక పటాన్‌చెరులో పంపులు చేసే ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరినా ఆ చూపు ఆయన లోపల ఎక్కడో అట్లాగే ఉండిపోయింది. దాన్ని బయటికి తీసింది మాత్రం ఫ్లాష్ అన్న.

ఫ్లాష్ అన్నకు సంగారెడ్డిలో కోర్టు దగ్గర పాస్‌పోర్టు ఫోటోలు తీసే చిన్న స్టూడియో ఉండేది. ఆయన ఫ్లాష్ వెలగాల్సినప్పుడు వెలిగేది కాదు, ఫోటో అయిపోయిందనుకుని జనం లేచి చెప్పులు వేసుకుంటుండగా వెలిగేది. అందుకే ఆ పేరు. ఆయన హైదరాబాద్‌లో వాడిన సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో ఒక పాత సినిమా కెమెరా కొన్నాడు, దాంతోపాటు గోడ మీద బొమ్మ వేసే మిషనూ వచ్చింది. ఆ కెమెరాకు ఒక పక్క చిన్న మీట ఉంది. అది నొక్కితే ఒక్క బొమ్మ తీసి ఆగిపోతుంది. బర్రె కాలు ఇంత జరిపి ఒకటి తీయాలి, ఇంకింత జరిపి ఇంకొకటి తీయాలి. చివరికి అన్నీ కలిపి గిరగిరా తిప్పితే బర్రె తనంత తానే నడుస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు మా ఆయన బువ్వ కూడా తినలేదట. ముసలామె లోపల వెల్డింగ్ తీగ, పైన మైనం కలిపిన మట్టి, ఒంటికి అత్తమ్మ ముదురాకుపచ్చ చీర ముక్క. బర్రె తోలు సైకిల్ ట్యూబు. రోడ్డేమో ఇనుమును నునుపు చేసే నల్లటి గరుకు కాగితం. లారీలు చెప్పుల డబ్బాలవి. పెళ్ళికి ముందే మొదలైన ఆ సినిమాలోకి నేను ఆలస్యంగా వచ్చిన పాత్రను.

ఇక నా కాపురం ఆ తలుపు చుట్టూ సాగింది. దాని కింద పడుకునేవాళ్ళం, దాని పక్కన తినేవాళ్ళం, చీపురు పట్టుకుని దాని చుట్టూ ప్రదక్షిణ చేసేదాన్ని. అన్నిటికన్నా పెద్ద బాధ ఫ్యాను. ఫ్యాను వేస్తే ముసలామె కొంగు కదులుతుంది. కొంగు కదిలితే సినిమా పాడవుతుంది. కాబట్టి నడి ఎండాకాలంలో నెత్తిమీద ఫ్యాను పెట్టుకుని, దానివైపు చూస్తూ, విసనకర్రతో విసురుకునేవాళ్ళం. ఒకసారి మా బాపు నన్ను చూసిపోదామని మామిడిపండ్ల గంప నెత్తిన పెట్టుకుని వచ్చాడు. నేను మంచినీళ్ళు తెద్దామని వసారాలోకి పోయేలోగా ఆయన చెమట తుడుచుకుంటూ లేచి, సహజంగానే, స్విచ్చు వేశాడు. ముసలామె కొంగు ఎగిరి ముఖం మీద పడింది, ఆమె వెల్లకిలా పడింది, ఒక లారీ దొర్లి ఆమె మీద పడింది. అప్పుడే డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చిన మా ఆయన "అయ్యో, అవ్వా!" అని పెట్టిన కేకకు మా బాపు చేతిలోని మామిడిపండు జారిపోయింది. "ఏమైంది? మా సెల్లెకు ఏమైంది?" అని ఆయన గాబరాగా వియ్యపురాలి క్షేమం అడుగుతున్నాడు, ఈయనేమో కళ్ళనీళ్ళ పర్యంతమై "లారీ కింద వడ్డది మామా" అంటున్నాడు. బాపు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అసలు సంగతి చెప్పి ఆయన్ని మామూలు మనిషిని చేసేసరికి నా ప్రాణం సగం పోయింది. ఊరికి పోయి మా అమ్మతో మాత్రం ఒక్కటే చెప్పాడట: "అల్లుడు మంచోడే. గానీ ఫ్యాను ఏస్తే పానం పోయినట్టు అరుస్తడు. గంత పిసినారితనం పనికిరాదు."

తీసిన రీలు కడగడానికి బొంబాయికి పంపాలి. అది తిరిగి వచ్చే దాకా బర్రె నడుస్తోందో కుంటుతోందో ఎవరికీ తెలియదు. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ముసలామెను ఒక అడుగు వేయించేసరికి ఒక పూట అయిపోయేది. అట్లా అడుగులో అడుగు వేస్తూ ఆమె బర్రెతోపాటు రోడ్డు నడిమికి చేరింది. అటు నుంచి ఒక లారీ, ఇటు నుంచి ఒక లారీ వస్తున్నాయి. సరిగ్గా అక్కడ రీలు అయిపోయింది.

ఆ రీలు బొంబాయి నుంచి వచ్చిన వారంలోనే అత్తమ్మ కందిపప్పు మూటతో మా గదికి వచ్చింది. తోడుగా ఆమె మరిది, అంటే మా చిన్నమామ. ఫ్లాష్ అన్న మిషను పట్టుకొచ్చాడు. కిటికీ మూసి, గోడకు మా ఆయన తెల్ల ధోతి కట్టి, సినిమా వేశారు. గోడ మీద తనను తాను చూసుకుని అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓయమ్మ, నేనే! అగో, నా కట్టె! నా బర్రె! గదేందిరా, బర్రె నూనె మీద జారినట్టు పోతున్నది?" అంటూ చిన్నపిల్లలా నవ్వింది. ఆమె అట్లా నవ్వగలదని నాకు తెలిసింది అప్పుడే. గోడ మీద ఆమె రోడ్డెక్కింది. అటు చూసింది, ఇటు చూసింది. నడిమికి వచ్చింది. రెండు లారీలూ దగ్గరికి వస్తున్నాయి. చిన్నమామ కూడా బీడీ పీల్చడం ఆపేశాడు. అంతలో టక్‌మని బొమ్మ పోయి ధోతి అంతా తెల్లగా అయిపోయింది. రీలు తోక మాత్రం మిషనులో టపటపా కొట్టుకుంటోంది.

"ఏమైంది?" అంది అత్తమ్మ.

"రీలు అయిపోయింది అవ్వా."

"నేను దాటిన్నా?"

"ఇంక దాటలే. కొత్త రీలు రాంగనే దాటిస్త."

"ఎప్పుడొస్తది?"

మా ఆయన ఫ్లాష్ అన్నను చూశాడు. ఫ్లాష్ అన్న దగ్గి, "హైదరాబాద్‌ల యాడ దొరుకుతలేవు పెద్దవ్వా. దుకాణపోళ్ళు ఇగ రావు, బంద్ అయినయ్ అంటున్నరు," అన్నాడు.

"అంటే నేను గా రెండు లారీల నడుమనే ఉండాల్నా?"

మాట్లాడకపోతే బాగుండు అన్నప్పుడు తప్పకుండా మాట్లాడే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు కదా, మా చిన్నమామ అందుకున్నాడు. "ఉంటే ఏమాయె వదినె? తోడు బర్రె ఉండనే ఉన్నది," అని పకపకా నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. ఆ పూట ఆమె అన్నం కూడా సరిగ్గా తినలేదు. తెల్లవారి మొదటి బస్సుకే బయలుదేరింది. గుమ్మంలో ఆగి కొడుకుతో, "కన్నతల్లిని నడిరోడ్డు మీద నిలవెట్టిన ఇంట్ల నాకు బువ్వెట్ల దిగుతదిరా? గా బర్రె దాటినంకనే మల్ల నీ ఇంటికొస్త," అంది. నవ్వులాటకు అందేమో అనుకున్నాం. ఆమె నవ్వులాటకు ఏదీ అనే మనిషి కాదని నాకు తర్వాత తెలిసింది.

ఊళ్ళో చిన్నమామ ఈ కథను ఇంటింటికీ చెప్పుకొచ్చాడు. అత్తమ్మ కిరాణా కొట్టుకు పోతే "ఏం పెద్దవ్వా, ఇంక రోడ్డు మీదనే ఉన్నవా?" అని ఒకరు, పిండి గిర్నీకి పోతే "పైలం, లారీ వస్తున్నది!" అని ఇంకొకరు. ఆమె పట్టుదల అట్లా ఇంకా బిగుసుకుపోయింది. నా సంగతి చెప్పాలంటే, నేను మనసులో ఆ రీళ్ళ కంపెనీవాళ్ళకు దండం పెట్టుకున్నాను. కొత్త కాపురానికి అత్తగారు రానంటూ ఒట్టు పెట్టుకోవడం ఎంతమందికి దొరికే అదృష్టం? తలుపు, డ్రమ్ములు పోయి మంచం వచ్చింది. ఫ్యాను తిరిగింది. ముసలామె, బర్రె బిస్కెట్ల డబ్బాలో చేరి అటకెక్కారు. నేను దగ్గర్లోని మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరి, నెత్తికి నీలం టోపీ పెట్టుకుని కంపెనీ బస్సులో పోయి వస్తున్నాను. మా ఆయన సెక్షన్‌లో పెద్దవాడయ్యాడు. బొమ్మల మాట ఎవరైనా ఎత్తితే "అప్పుడేదో పోరగాని షోకు" అని సిగ్గుపడి మాట మార్చేవాడు.

ఊరికి మాత్రం పోతూనే ఉండేవాళ్ళం. తన ఇంట్లో అత్తమ్మ వేరే మనిషి. జొన్నరొట్టె మీద రొట్టె వేసి, పచ్చిపులుసు పోసి, తినకపోతే తిట్టి తినిపించేది. వచ్చేటప్పుడు చింతపండో మిరపకాయలో సంచిలో కుక్కేది. అంతా అయ్యాక, బస్సు వస్తోందనగా, ఎటో చూస్తూ అడిగేది: "బర్రె దాటిందా?" మా ఆయన కాళ్ళకేసి చూసుకుంటూ "లేదవ్వా" అనేవాడు. "సరే. పైలంగ పోండ్రి," అనేది. ఏళ్ళు గడుస్తున్నా ఆ ప్రశ్న మారలేదు, ఆ జవాబూ మారలేదు.

తర్వాత మాకు పాప పుట్టింది. పుట్టింట్లో పురిటి రోజులు గడిచాయి, కంపెనీవాళ్ళు మళ్ళీ పనిలోకి రమ్మంటున్నారు. పాపను చూసేవాళ్ళు కావాలి. మా అమ్మ వద్దామంటే మా వదినకు కూడా అప్పుడే కాన్పు. అత్తమ్మేమో అప్పటికి నిజం బర్రెను అమ్మేసి, చెలకను మరిదికి కౌలుకిచ్చి, ఊరికే కూర్చుని ఉంది. పాపను ఎత్తుకుని నేనే ఆమె దగ్గరికి పోయాను. పాపను చూసి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాళ్ళమీద పడుకోబెట్టుకుని నూనె రాసింది, ముక్కు సాగదీసింది, "అచ్చం నా కొడుకే" అని నా పోలికలన్నీ ఒక్క మాటతో తుడిచేసింది. అదను చూసి అడిగాను: "మా ఇంటికి రా అత్తమ్మా. నువ్వొస్తేనే నేను పనికి పోత." ఆమె పాప చేతివేళ్ళు ముద్దుపెట్టుకుంటూ, "వస్త బిడ్డా, ఎందుకు రాను? నాకు మాత్రం ఎవరున్నరు?" అంది. ఆ తర్వాత, ఎంతో మెల్లగా: "బర్రె దాటిందా?"

తిరుగు బస్సులో సగం దూరం ఏడ్చాను. ఏడుపు అయిపోయాక కోపం వచ్చింది. ఆ కోపంలో సంగారెడ్డిలో దిగిపోయి, పాపను భుజాన వేసుకుని నేరుగా ఫ్లాష్ అన్న స్టూడియోకు పోయాను. అక్కడ కొత్త కంప్యూటరు, దాని పక్కన అరచేతిలో పట్టేంత డిజిటల్ కెమెరా. "అన్నా, రీలు యాడ దొరుకుతదో చెప్పు. అవసరమైతే బొంబాయికి నేనే పోత," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గిప్పుడు రీలెందుకు చెల్లె? గీ కెమెరా ఎన్నంటే అన్ని తీస్తది. పాత సినిమాను గోడ మీద వేసి మల్ల వీడియో తీసి, కొత్తదానికి అతుకుత. గదేం పెద్ద పని?" "మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?" అంటే, "మీ ఆయన అడగలే గద," అన్నాడు ఎంతో న్యాయంగా.

ఇంటికొచ్చి బిస్కెట్ల డబ్బా దించాను. మూత తీస్తే ముసలామె కర్ర మాత్రం వదలకుండా బోర్లా పడి ఉంది. బర్రె తోలు ఎండి పగిలిపోయింది. చీరను పురుగులు తినేసి కుచ్చిళ్ళ దగ్గర మాత్రం మిగిల్చాయి. ట్యూబు ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది. ఆ ముదురాకుపచ్చ చీర ఎక్కడ దొరుకుతుంది? ఊళ్ళో అత్తమ్మ పాత చీరలన్నీ కలిపి కుట్టుకున్న బొంత ఒకటుంది, అందులో ఆ చీర ఉందని నాకు గుర్తు. తర్వాతి ఆదివారం రవికెలో చిన్న కత్తెర దోపుకుని అత్తారింటికి పోయాను (దొంగతనానికి పసిపిల్లను చంకన వేసుకుని పోయిన దాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను). ఆమె పెరట్లో కట్టెలు ఏరుతుంటే నేను మంచం మీది బొంత తిరగేసి, మూల మీద కత్తెర పెట్టానో లేదో, "ఏం కోస్తున్నవే?" అని వెనకనుంచి వినబడింది.

"నీ చీర అత్తమ్మా," అన్నాను. ఇంకేమీ తోచలేదు. "ఎందుకు?" అంది. "నీకే కట్టడానికి."

ఇక చెప్పక తప్పలేదు. పాత చీర పురుగులు తిన్నాయని, కొత్త కెమెరా వచ్చిందని, ఎట్లాగైనా రోడ్డు దాటిస్తానని ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె వచ్చి మంచం మీద కూర్చుంది. నా చేతిలోంచి కత్తెర తీసుకుని, బొంతను అటూ ఇటూ తిప్పి, "గీ పక్క రంగు జెర మంచిగున్నది," అని తానే కోసి ఇచ్చింది. ఇచ్చి, "ఎట్ల దాటిస్తవు?" అని అడిగింది.

"లారీలు రెండు పోయినంక, సందు సూసి దాటిస్తం అత్తమ్మా."

"గట్లనే దాటిన నేను, బతుకంత. సందు సూసుకుంట, పానం అరచేతుల పెట్టుకుని." ఆమె గుమ్మంలోంచి బయటికి చూసింది. బయట లారీలు పోతూనే ఉన్నాయి. "ఇన్నేండ్లల్ల ముసలామె ఉన్నది, బర్రె ఉన్నదని ఒక్క లారీ ఆగలే పిల్లా. నిజం లారీ ఎట్లాగూ ఆగదు. బొమ్మల లారీనన్న ఆపుండ్రి."

ఆ మాట మా ఆయనకు చెబితే ఆయన ఒప్పుకోలేదు. "మన హైవే మీద లారీ ఆగుతదా? సూసినోళ్ళు నవ్వుతరు. ఎవరు నమ్ముతరు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "సైకిల్ ట్యూబు బర్రె నడిస్తే నమ్ముతరు గానీ లారీ ఆగితే నమ్మరా?" అన్నాను. "నాకిప్పుడు గా పని చేసే ఓపిక లేదు," అని పేపరు తెరిచి గోడవైపు తిరిగాడు. సరే, నాకు ఓపిక ఉంది. మాత్రల కంపెనీ అట్టపెట్టెలతో కొత్త లారీలు చేశాను (ఒక లారీ పక్కన 'చల్లని పొడి ప్రదేశంలో ఉంచవలెను' అనే అక్షరాలు ఇప్పటికీ కనబడతాయి). మళ్ళీ మంచం గోడకు జరిగింది, మళ్ళీ డ్రమ్ములు, మళ్ళీ తలుపు. ఫ్యాను బంద్. ఎవరు బంద్ చేశారనుకున్నారు? నేనే. ఫ్లాష్ అన్న కెమెరాను స్టాండుకు బిగించి, నొక్కాల్సింది చూపించి పోయాడు. పాప ఉయ్యాలలో నిద్రపోయినంత సేపే నా షూటింగ్. ఒక రోజు అది ముందే లేచి పాక్కుంటూ వచ్చి మైలురాయిని నోట్లో పెట్టుకుంది. అందుకే సినిమాలో ఉన్నట్టుండి మైలురాయి కురచ అవుతుంది.

మా ఆయన ఆదివారాలు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. పేజీ మాత్రం తిప్పేవాడు కాదు. నేను ఒక లారీని పోనిచ్చి, రెండోదాన్ని కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ తెచ్చి, ముసలామె ముందు ఆపేసి, "అయిపోయింది, ఆగింది" అన్నాను. పేపరు కిందికి దిగింది. "గదేం ఆగుడు? గోడకు గుద్దినట్టున్నది. బ్రేకు ఏస్తే లారీ ముక్కు ముందుకు వంగాలె. ఆగినంక ఒకసారి ఎనకకు ఊగాలె. జరుగు," అని ఆయన నన్ను పక్కకు తోసి లారీ ముందు చక్రాల కింద అట్టముక్క పెట్టి చూశాడు. ఆ తోపుతో నా డైరెక్టరు ఉద్యోగం పోయింది. లారీలో డ్రైవరు లేడని ఆయనే మిగిలిన మట్టితో ఒక డ్రైవరును చేశాడు. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, పో అవ్వా అన్నట్టు ఊపేలా తీగ వంచాడు. ముసలామె నడక నా చేతికే వదిలాడు గానీ నచ్చేది కాదు. "అవ్వ గట్ల నడవదు," అని నడుం మీద చెయ్యి పెట్టుకుని, వంట వసారాలోని అట్లకాడ కర్రలా పట్టుకుని, గది ఈ మూల నుంచి ఆ మూలకు తల్లిలా నడిచి చూపించేవాడు. ఒక పక్కకు తల తిప్పి, ఆగి, ఇంకో పక్కకు తిప్పి. మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. తర్వాత ఆ తల తిప్పడంలో, అరుగు మీద కూర్చుని గుటక మింగని పిల్లవాడు కనబడి నవ్వు ఆగిపోయింది.

ఒక సాయంత్రం, నల్లా దగ్గర బిందెల చప్పుడు మొదలయ్యే వేళకు, ముసలామె రెండో కాలు రోడ్డు దిగి గడ్డిలో పడింది. ఆమె వెనకే బర్రె తోక. ఆఖరి బొమ్మ నొక్కి మా ఆయన అట్లాగే నిలబడ్డాడు. "దాటింది," అన్నాడు, నాతో కాదు. పాపను ఉయ్యాలలోంచి తీసి గట్టిగా పట్టుకున్నాడు. నేను వెళ్ళి ఫ్యాను వేశాను.

ఫ్లాష్ అన్న పాతదీ కొత్తదీ అతికి డిస్కు చేసి ఇచ్చాడు. ఒట్టు తీరకుండా అత్తమ్మ రాదు కాబట్టి మేమే డిస్కు ప్లేయరు చంకన పెట్టుకుని ఊరికి పోయాం. టీవీ ఉన్నది చిన్నమామ ఇంట్లో. ఇంతకాలం ఎగతాళి చేసిన వాడకట్టంతా వచ్చి కూర్చుంది. అత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని, పాపను ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. పాత సినిమా పసుపు రంగులో గజగజ వణుకుతూ వచ్చి, రోడ్డు నడిమికి రాగానే ఒక్కసారిగా తళతళలాడింది. "నడిరోడ్డు మీద నిలవడ్డందుకు పెద్దవ్వకు నిగారింపు వచ్చింది!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అంతలో తెర నిండా పెద్ద చెయ్యి ఒకటి మెరిసి మాయమైంది. పాప ఏడిస్తే గాబరాలో నేను చెయ్యి తీయకముందే నొక్కేసినట్టున్నాను, ఫ్లాష్ అన్న కూడా చూసుకోలేదు. "గా చెయ్యి ఎవరిది?" అంది అత్తమ్మ. "నాదే అత్తమ్మా," అన్నాను భయంగా. "రెండు గాజులేందే? చేతినిండ ఏసుకోరాదా, ఊరంత సూస్తున్నరు," అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఒక లారీ పోయింది, రెండోది వచ్చింది. ముక్కు వంగింది, ఆగింది, వెనక్కి ఊగింది. డ్రైవరు చెయ్యి బయటికి వచ్చింది. గదిలో నవ్వులు ఆగిపోయాయి. ముసలామె అటు చూసింది, ఇటు చూసింది, బర్రెను అదిలించింది, దాటింది. అక్కడితో బొమ్మ నిలిచిపోయింది. అందరూ అత్తమ్మ వైపు తిరిగారు. ఆమె తెరకేసి వేలు చూపించి, "మరి గా డ్రైవరు ఇంక గాడనే ఉన్నడేంది?" అంది.

నిజమే, ఆమెను దాటించే ధ్యాసలో లారీని పంపించడం మరిచిపోయాం. తెర మీద డ్రైవరు చెయ్యి చాపుకుని అట్లాగే ఉన్నాడు. "వాని కోసం ఇంటికాడ పెండ్లాం పిల్లలు ఎదురుచూస్తుండరా?" అంది ఆమె. ఇంకో సినిమా, ఇంకో ఎండాకాలం, ఇంకెన్ని ఏళ్ళో అని నేను మా ఆయన మొహం చూశాను. ఆయన మొహం నాకన్నా తెల్లగా ఉంది. అత్తమ్మ కొంచెం ముందుకు వంగి, టీవీకేసి చెయ్యి ఊపి, "నేను దాటిన గద. ఇగ పో బిడ్డా, పైలంగ పో," అంది. అని కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పాపను నా ఒళ్ళో పడేసి, బట్టలు సర్దుకోవడానికి తన ఇంటికి పోయింది.

మర్నాడు మాతోపాటే ఇస్నాపూర్ వచ్చింది. ఆ తెల్లవారి నేను లేచేసరికి నా వంటింట్లో ఒక్క డబ్బా ఉన్నచోట లేదు. ఉప్పు ఉన్నచోట కారం, చాయపత్తి ఉన్నచోట చింతపండు. "ఇన్నొద్దులు గిట్లనే ఎల్లదీసినవా?" అని అడిగింది. బియ్యం కడగడం నాకు రాదంది, పాపకు లంగోటి కట్టడం రాదంది, చీర కుచ్చిళ్ళు కూడా సరిగ్గా లేవంది. ఈమెను తెచ్చుకోవడానికా నేను ఇన్ని నెలలు లారీలు తోసింది అనుకుంటూ, నీలం టోపీ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను. వెనక నుంచి పాప కిలకిలా నవ్వడం, ఆమె ఏదో పాడటం వినబడ్డాయి. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పటాన్‌చెరు దాకా నవ్వు ఆపుకోలేక మొహం కిటికీవైపు తిప్పుకున్నాను. పక్కన కూర్చున్నామె "ఏందమ్మా, గంత సంబురం?" అని అడిగింది. "మా అత్త వచ్చింది," అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి, కొంచెం దూరం జరిగి కూర్చుంది. నీలం టోపీ సంచితో బస్సెక్కిన అప్పటి పిల్ల ఎంత అమాయకంగా, ఎంత తృప్తిగా ఆ మాట అన్నదో తలచుకుంటే, ఇవాళ అత్తను అయిన నాకు నవ్వూ వస్తుంది, ఎందుకో కొంచెం అసూయగానూ ఉంటుంది.